కంపోస్టబుల్ కవర్లు సముద్రంలో పడితే ప్లవకాలకి ఏమవుతుంది?

కర్రీపాయింట్_వాణి
22 జూన్ 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. విశాఖలో బీచ్‌కి రెండు వీధుల ఇవతల మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. 2022 జూలైలో సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధం వచ్చినప్పటి నుంచి పాత కవర్లు మానేశాను. ఆకుపచ్చ అక్షరాలతో 'కంపోస్టబుల్' అని రాసినవే కొంటున్నాను. ధర దాదాపు రెట్టింపు. వేడి సాంబారు ప్యాకెట్ పెడితే మెత్తబడి సాగిపోతాయి. అయినా సముద్రం పక్కనే బతుకుతున్నాం కదా, ఎంత జాగ్రత్తపడ్డా మన చెత్త అటే పోతుంది, కనీసం ఇవి కరిగిపోతాయిలే అన్న ధైర్యంతో భరిస్తున్నాను.

నిన్న రొయ్యపొట్టు గోంగూర కోసం వచ్చిన ఒక అబ్బాయి, ఎమ్మెస్సీ చదువుతున్నాడట, కవర్ చేత్తో పట్టుకుని చూసి "ఆంటీ, ఇవి కూడా సముద్రంలో ముక్కలై జంతుప్లవకాల కడుపులోకి వెళ్తాయి. మీ రొయ్యపొట్టు కూడా అలాంటి జీవే" అన్నాడు. అతను వెళ్లిపోయాడు కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మూడేళ్లుగా మంచి పని చేస్తున్నాననుకున్నాను. నిజంగా తెలిసినవాళ్లు చెప్పండి. మామూలు ప్లాస్టిక్ ముక్కకీ, ఈ కవర్ ముక్కకీ ఆ చిన్న ప్రాణులకి తేడా ఉంటుందా? జంతుప్లవకాలంటే అసలు ఏమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు.

---

ప్లవకం
22 జూన్ 2025, రాత్రి 11:25

వాణి గారూ, నేను సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, నా రోజంతా వీటితోనే గడుస్తుంది. ముందు అవేమిటో చెప్తాను.

నీళ్లలో ప్రవాహానికి ఎదురీదలేక దానితోపాటే కొట్టుకుపోతూ బతికే జీవులన్నీ ప్లవకాలు. వాటిలో మొక్కల్లా ఎండతో ఆహారం తయారు చేసుకునేవి వృక్షప్లవకాలు. వాటిని తిని బతికేవి జంతుప్లవకాలు. మన బంగాళాఖాతంలో వల వేసి తీస్తే జంతుప్లవకాల్లో ఎక్కువ భాగం కోపీపాడ్‌లే ఉంటాయి. బియ్యపు నూక కన్నా చిన్నవి, నుదుటి మీద ఒకే కన్ను, మీసాల్లాంటి రెండు పొడవైన స్పర్శకాలు. పీతలు, రొయ్యలు, నత్తలు, సముద్రపు ముళ్లకాయలు, చాలా చేపలు కూడా పసితనంలో కొన్ని వారాలు ప్లవకాలుగానే గడుపుతాయి. మీరు వండే రొయ్యపొట్టులో ఎక్కువగా ఉండేది అసిటీస్ అనే చిన్న రొయ్య. అది పెద్దయ్యాక కూడా గుంపులుగా తేలుతూనే బతుకుతుంది. ఆ అబ్బాయి చెప్పింది నిజమే.

కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు బతికేది ఎక్కువగా వీటి మీదే. అందుకే వీటి కడుపులోకి ఏం వెళ్తోందన్నది చిన్న ప్రశ్న కాదు.

5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కని మైక్రోప్లాస్టిక్ అంటారు. 2013లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో మాథ్యూ కోల్ బృందం 15 రకాల జంతుప్లవకాలకి 1.7 నుంచి 30.6 మైక్రాన్ల పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ గుళికలు ఇచ్చి చూసింది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 13 రకాలు మింగేశాయి. మింగకపోయినా కొన్నిటి కాళ్లకీ మీసాలకీ గుళికలు అతుక్కున్నాయి. కోపీపాడ్‌కి మీసమే ముక్కు, మీసమే చెవి. దాని మీద చెత్త అంటుకుంటే ఎరనీ శత్రువునీ పసిగట్టడం కష్టమవుతుంది.

మీ అసలు ప్రశ్నకి రేపు రాస్తాను, అది తొందరగా తేల్చేది కాదు.

---

హేచరీ_బాబు
23 జూన్ 2025, ఉదయం 5:50

నేను భీమిలి వైపు ఒక రొయ్యల హేచరీలో టెక్నీషియన్‌ని. పుస్తకాల సంగతి ప్లవకం అన్నగారు చెప్తారు, నేను కళ్లతో చూసింది చెప్తాను.

మా దగ్గర రొయ్య పిల్లలకి ఆర్టీమియా మేపుతాం. టిన్నుల్లో ఎండు గుడ్లుగా వస్తుంది. ఉప్పునీళ్లున్న కోన్ ట్యాంకులో వేసి, గాలి పెట్టి, లైటు వేస్తే ఒక్క రోజులో నారింజ రంగు పిల్లలు బయటికి వస్తాయి. అదీ జంతుప్లవకమే. మొదటి కొన్ని గంటలు ఒంట్లో ఉన్న పచ్చసొన మీదే బతుకుతుంది, నోరు పనిచేయదు. ఒకసారి పొర విడిచాక మొదలుపెడుతుంది తినడం. అప్పటి నుంచి దానికి ఎంపిక లేదు. నోట్లో పట్టే సైజులో ఏముంటే అది లోపలికి తోసేస్తుంది.

పోయిన ఏడాది మిగిలిపోయిన ఆర్టీమియాని పారబోయకుండా ఒక టబ్బులో ఉంచి కీటోసెరాస్ ఆల్గే (అదో వృక్షప్లవకం) పెట్టి పెంచాను. నాలుగో రోజు ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఆల్గే తిన్న ఆర్టీమియా ఒళ్లు అద్దంలా ఉంటుంది, మధ్యలో ప్రేగు బంగారు గోధుమ రంగులో గీత గీసినట్టు కనపడుతుంది. ఒకదానికి ఆ గీత సగంలో ఆగిపోయింది. అక్కడ చిన్న నీలం పోగు, వంకర తిరిగి ఇరుక్కుని ఉంది. ప్రేగు దాన్ని ముందుకి తోయడానికి బిగుసుకుంటోంది, వదులుతోంది, మళ్లీ బిగుసుకుంటోంది. దాదాపు 20 నిమిషాలు చూశాను. కదల్లేదు.

ఆ నీలం రంగు ఎక్కడిదో నాకు తెలుసు. ఏరేషన్ పైపులు కట్టిన తాడుది. ఎండకి పెళుసెక్కి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఆ రోజే ఆ తాళ్లన్నీ మార్పించాను.

---

గెడ్డ_ఒడ్డు
23 జూన్ 2025, ఉదయం 7:15

మాది వేటకెళ్లే కుటుంబం. నాన్న బోటు, నేను చదువుకుని వచ్చాక మళ్లీ బోటే ఎక్కాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. 15న బయల్దేరి మొదటి వల లాగాం. ఈలోపు వానలు పడ్డాయి. వానకి ఊళ్లో గెడ్డలు, అంటే పెద్ద కాలవలన్నీ ఒక్కసారి కడుగుకుని సముద్రంలోకి వస్తాయి. చేప కన్నా ముందు కవర్లు పడ్డాయి వలలో. వాటిలో ఆకుపచ్చ అక్షరాలవీ ఉన్నాయి. వాణి గారి మనసు నొప్పించాలని కాదు, చూసింది చెప్తున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. వల తెగితే మేమూ సముద్రంలోనే వదిలేసి వచ్చేవాళ్లం. తెగిన నైలాన్ ముక్కలు, తాళ్ల పీచులు, థర్మాకోల్ పెట్టెల పొడి. బాబు చూసిన నీలం పోగులాంటివి మా బోటు మీద చీపురుతో ఊడ్చినన్ని దొరుకుతాయి. తప్పు ఊరి వాళ్లదే అని నేను అనలేను.

---

కెమిస్ట్రీ_మాస్టారు
23 జూన్ 2025, ఉదయం 11:05

అమ్మా వాణీ, నేను రిటైర్ అయిన రసాయనశాస్త్రం లెక్చరర్‌ని. 'కరిగిపోతుంది' అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది.

మామూలు కవర్ పాలిథీన్. కార్బన్ పక్కన కార్బన్, గొలుసులా వేలకొద్దీ. ఆ గొలుసును తెంచే ఎంజైములు సూక్ష్మజీవుల దగ్గర దాదాపు లేవనే చెప్పాలి. ఎండకి పెళుసెక్కి ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి, అంతే.

కంపోస్టబుల్ కవర్ సాధారణంగా రెండు మూడు పదార్థాల మిశ్రమం. ఒకటి పీఎల్‌ఏ. మొక్కజొన్న లాంటి పంటల చక్కెరని పులియబెట్టి తీసిన లాక్టిక్ యాసిడ్‌ని గొలుసులా కడితే వస్తుంది. మన పెరుగుకి పులుపునిచ్చే యాసిడే అది. ఇంకోటి పీబీఏటీ. సాగే గుణం దాని వల్ల వస్తుంది. అది ఎక్కువగా పెట్రోలియం నుంచే తయారవుతుంది, కానీ గొలుసులో ఎస్టర్ బంధాలు ఉంటాయి కాబట్టి తెంచడానికి వీలుంటుంది. కొన్నిటిలో పిండిపదార్థం కూడా కలుపుతారు.

ఇప్పుడు ఆ కవర్ మీద ఉన్న ముద్ర దేని గురించి మాట్లాడుతోందో చూడండి. ఐఎస్‌/ఐఎస్‌ఓ 17088 అని ఒక ప్రమాణం నంబరు ఉంటుంది. 58 డిగ్రీల వేడిలో, తేమతో, సూక్ష్మజీవులతో నిండిన కంపోస్టులో 180 రోజుల్లో అందులోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలన్నది ఆ పరీక్ష. పీఎల్‌ఏ గొలుసులు మెత్తబడి కదలడం మొదలయ్యేది సుమారు 60 డిగ్రీల దగ్గర. అందుకే అంత వేడి కావాలి. మన సముద్రం పైపొర 28, 30 డిగ్రీలు. కింద ఇంకా చల్లన. ఆ ముద్ర సముద్రం గురించి ఒక్క మాట కూడా చెప్పడం లేదు. అబద్ధం కాదు. అది ఇచ్చిన మాట వేరు, మనం విన్న మాట వేరు.

2024లో మన ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలను సవరించినప్పుడు, బయోడీగ్రేడబుల్ అంటే మైక్రోప్లాస్టిక్ మిగల్చకుండా క్షీణించాలి అని నిర్వచనంలోనే చేర్చారు. అది చాలా మంచి పని అని నా అభిప్రాయం.

---

శాన్‌డియాగో_లక్ష్మి
23 జూన్ 2025, మధ్యాహ్నం 12:30

మాస్టారూ, నమస్కారం. మాది కాకినాడ, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాం. ఇక్కడ లా హోయాలో స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ల పొడవాటి వంతెన ఉంది, సముద్రంలోకి వెళ్తుంది. సాయంత్రం అటు నడుస్తుంటాం. దాని దగ్గరే నీటి పైభాగంలో, అడుగున రకరకాల బట్టలను బోనుల్లో పెట్టి చూశారు. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ దారాలు నెల లోపే కుళ్లిపోయాయి. పీఎల్‌ఏ దారం మాత్రం 428 రోజుల తర్వాత కూడా అరిగిన జాడ చూపించలేదు. ఇక్కడి నీళ్లు మన కన్నా చల్లన, అది నిజమే. అయినా ఏడాది దాటినా అలాగే ఉండటం విని నేను ఆశ్చర్యపోయాను. అప్పటికి మా పాప పుట్టినరోజులకి పీఎల్‌ఏ గ్లాసులే కొనేదాన్ని.

---

లెక్క_కావాలి
23 జూన్ 2025, సాయంత్రం 4:10

ప్లవకం గారికి ఒక ప్రశ్న. ల్యాబుల్లో వాడే మోతాదు, సముద్రంలో ఉండే మోతాదు ఒకటేనా? గుప్పెడు ఉప్పు ఒకేసారి తినిపించి ఉప్పు విషం అన్నట్టు కాకూడదు కదా. భయపెట్టే వార్తలు చదివి చదివి ఇప్పుడు ఏది నమ్మాలో తెలియని పరిస్థితి. నిజమైన ప్రమాదమైతే నిజంగా చెప్పండి.

---

ప్లవకం
23 జూన్ 2025, రాత్రి 9:50

లెక్క గారూ, ఈ ప్రశ్న మా రంగంలో అందరూ వేసుకోవాల్సినదే. దాచకుండా చెప్తాను.

2015లో కోల్ బృందమే కలానస్ హెల్గోలాండికస్ అనే కోపీపాడ్ మీద ఒక ప్రయోగం చేసింది. ఒక మిల్లీలీటరుకి 75 చొప్పున 20 మైక్రాన్ల గుళికలు, పక్కనే మామూలు ఆల్గే. ఒక మిల్లీలీటరుకి 75 అంటే ఘనపు మీటరుకి ఏడున్నర కోట్లు. సముద్రంలో వల లాగి లెక్కపెట్టినప్పుడు చాలాచోట్ల ఘనపు మీటరుకి దొరికేవి కొద్ది ముక్కలే. తేడా చాలా పెద్దది, నిజమే.

కానీ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, మనం లెక్కపెట్టే వలల కన్నం 200, 300 మైక్రాన్లు. కోపీపాడ్ నోటికి పట్టే 10, 20 మైక్రాన్ల ముక్కలు ఆ కన్నాల్లోంచి జారిపోతాయి. అసలు లెక్క మన చేతిలో ఉన్న లెక్క కన్నా ఎక్కువే. రెండు, ఆ ప్రయోగంలో జంతువులు చచ్చిపోలేదు. పెట్టిన గుడ్ల సంఖ్య కూడా పెద్దగా తగ్గలేదు. మరి ఏమైంది? తిన్న ఆల్గే కణాలు 11 శాతం తగ్గాయి, కానీ ఒంటికి పట్టిన కార్బన్ 40 శాతం తగ్గింది. ఎందుకంటే ప్లాస్టిక్ సైజులో ఉన్న పెద్ద ఆల్గేని వదిలేసి చిన్నవాటి వైపు మళ్లాయి. కడుపు నిండా తింటున్నట్టే కనపడుతూ బలం లేని తిండి తిన్నాయన్నమాట. కొన్ని రోజులు అలా గడిచాక పెట్టిన గుడ్లు చిన్నవయ్యాయి, వాటిలో పిల్లలయ్యేవి తగ్గాయి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఫలితం అదే. తల్లి బతికే ఉంటుంది, పైకి అంతా బాగానే ఉంటుంది, నష్టమంతా గుడ్డులో బయటపడుతుంది. టైగ్రియోపస్ జపోనికస్ అనే ఇంకో కోపీపాడ్ మీద 2013లో వచ్చిన పరిశోధనలోనూ ఇలాంటిదే కనిపించింది. 6 మైక్రాన్ల గుళికలు రెండు తరాల దాకా ఒక్కదాన్నీ చంపలేదు, కానీ సంతానం తగ్గింది. చల్లటి నీళ్ల కోపీపాడ్ పిల్లలకి నైలాన్ ముక్కలిస్తే వేళకి ముందే పొర విడిచాయని 2019లో తేలింది.

రెండో వైపు కూడా చెప్పాలి. 2018లో స్పెయిన్‌లోని వీగో విశ్వవిద్యాలయానికి చెందిన బెయిరాస్, ఇతర పరిశోధకులు కలిసి రోటిఫర్లు అనే సూక్ష్మ జంతుప్లవకాలు, కోపీపాడ్‌లు, ముళ్లకాయల పిల్లలు, చేప పిల్లల మీద పాలిథీన్ పొడి పరీక్షించారు. సముద్రంలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చినా స్వల్పకాలంలో చంపే విషప్రభావం కనిపించలేదు. కాబట్టి 'ప్లాస్టిక్ ముక్క తగిలితే ప్లవకం చస్తుంది' అనడం తప్పు. ముప్పు మెల్లగా, తిండి ద్వారా, సంతానం ద్వారా వస్తుంది.

---

హేచరీ_బాబు
23 జూన్ 2025, రాత్రి 10:20

> నష్టమంతా గుడ్డులో బయటపడుతుంది

అన్నా, ఇది మాకు బాగా తెలిసిన విషయం. తల్లి రొయ్య మేత తేడా వస్తే మొదట తెలిసేది నాప్లి (గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలు) లెక్కలోనే.

ఇంకో సంగతి. రొయ్య పిల్ల జోయా దశలో ఉన్నప్పుడు బాగా తింటోందా లేదా అని ఎలా చూస్తామంటే, గ్లాసు బీకర్‌లో తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటాం. తోక వెనకాల పొడవాటి మలం దారం వేలాడుతుంటే బాగా తింటున్నట్టు. ఆ దారం పొట్టిగా అయినా, తెగి తెగి వస్తున్నా ఆ రాత్రి మాకు నిద్ర ఉండదు. ప్లాస్టిక్ తిన్న ప్లవకాల మలం మీద ఎవరైనా చూశారా?

---

ప్లవకం
23 జూన్ 2025, రాత్రి 10:55

చూశారు బాబూ, చాలా ముఖ్యమైన ప్రశ్న అడిగావు. కోపీపాడ్ మలం చిన్న బరువైన గుళికలా ఉంటుంది. అది వేగంగా అడుక్కి మునుగుతుంది. గాలిలోని కార్బన్‌ని ఆల్గే పట్టుకుంటే, ఆల్గేని కోపీపాడ్ తింటే, ఆ మలం లోతుకి వెళ్తే, కార్బన్ చాలా కాలం అక్కడే ఉండిపోతుంది. దారిలో అడుగునున్న జీవులకి అదే మేత. 2016లో వచ్చిన పరిశోధనలో పాలీస్టైరీన్ గుళికలున్న మలం మునిగే వేగం 2.25 రెట్లు తగ్గింది. తేలికైపోయి ముక్కలై పైననే ఎక్కువసేపు తిరుగుతుంది, ఇంకో జీవి దాన్ని తినే అవకాశం పెరుగుతుంది.

రొయ్యలాంటి చిన్న జీవి క్రిల్ సంగతి ఇంకోటి. అంటార్కిటిక్ క్రిల్‌కి 31.5 మైక్రాన్ల పాలిథీన్ గుళికలు మేపితే కడుపులో నమిలి ఒక మైక్రాన్ కన్నా చిన్న ముక్కలు చేసి బయటికి వదిలిందని 2018లో తేలింది. అంటే ప్లవకాలు ప్లాస్టిక్‌ని తినడమే కాదు, తమకన్నా చిన్న జీవుల నోటికి సరిపోయేలా నూరి పెడుతున్నాయి.

---

కర్రీపాయింట్_వాణి
24 జూన్ 2025, మధ్యాహ్నం 3:30

ఇవన్నీ చదువుతుంటే గుండె బరువెక్కుతోంది. అందరికీ చాలా థాంక్స్. కానీ ఇవన్నీ మామూలు ప్లాస్టిక్ గురించే కదా? నా కవర్ సంగతి ఇంకా చెప్పలేదు. ఇవి మాత్రం మెత్తగా ఉంటాయి, త్వరగా చిరుగుతాయి. త్వరగా చిరగడం మంచిదా చెడ్డదా?

---

నిజం_చెప్పాలి
24 జూన్ 2025, మధ్యాహ్నం 3:55

అంతా మోసం మేడమ్. కంపోస్టబుల్ పేరుతో రెట్టింపు ధర గుంజుతున్నారు. మా ఊళ్లో ఒక కంపెనీ వాళ్లయితే

---

నిర్వాహకులు
24 జూన్ 2025, సాయంత్రం 4:05

పై పోస్టులో కంపెనీ పేరున్న భాగం తీసేశాం. రుజువు లేకుండా ఎవరి పేరూ రాయవద్దు. మిగతా చర్చ చక్కగా సాగుతోంది, కొనసాగించండి.

---

ప్లవకం
24 జూన్ 2025, రాత్రి 10:15

వాణి గారూ, ఆలస్యానికి క్షమించండి. మీ ప్రశ్న సూటిగా ఉంది, జవాబు మాత్రం మూడు ముక్కలుగా ఉంది.

మొదటిది, మోసం కాదు. ప్లిమత్‌లోనే ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ రకరకాల సంచులను మూడేళ్లు గాలిలో, మట్టిలో, సముద్రంలో ఉంచి చూశారు. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలల్లో కనపడకుండా పోయింది. కానీ అదే సంచి మట్టిలో 27 నెలల తర్వాత కూడా ఉంది. ఇక 'బయోడీగ్రేడబుల్' అని మాత్రమే రాసిన ఇంకో సంచి మూడేళ్ల తర్వాత కూడా సామాన్లు మోసేంత గట్టిగా ఉంది. ఒకే మాట, ఎన్ని రకాల ఫలితాలో చూడండి. తాబేలు మెడకి చుట్టుకునే సంచి మూడు నెలల్లో పోవడం మేలే, దాన్ని తక్కువ చేయను. కానీ కంటికి కనపడకుండా పోవడం, పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారడం ఒకటి కావు.

రెండోది మీరు అడిగినదే. త్వరగా చిరిగేది త్వరగా ముక్కలవుతుంది. పాలిథీన్ కవర్ కోపీపాడ్ నోటికి పట్టే సైజుకి రావడానికి ఏళ్లు పడుతుంది. కొన్ని బయోప్లాస్టిక్‌లు ఆ సైజుకి చాలా ముందే వస్తాయి. ఆ తర్వాత పూర్తిగా జీర్ణమైపోతే మంచిదే. ఆ రెండింటి మధ్య కాలంలో మాత్రం ప్లవకానికి అది ప్లాస్టిక్కే. కడుపులో చోటు ఆక్రమిస్తుంది, బలం ఇవ్వదు. పీహెచ్‌బీ అనే బయోప్లాస్టిక్ ఉంది. బ్యాక్టీరియా తమ ఒంట్లో కొవ్వులా దాచుకునే పదార్థం, సముద్రంలో బాగా క్షీణించేవాటిలో ఒకటి. అది క్షీణించేటప్పుడు వదిలే నానో ముక్కలు (మైక్రాన్ కన్నా చిన్నవి) కూడా డాఫ్నియా అనే మంచినీటి ప్లవకానికి, ఆల్గేకి హాని చేశాయని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది. మంచినీటి జీవి కాబట్టి సముద్రానికి నేరుగా అన్వయించను, కానీ దిశ అర్థమవుతుంది.

మూడోది, ముక్క కన్నా ముందు నీళ్లలోకి దిగేది రసాయనాలు. ఏ ప్లాస్టిక్ అయినా ఒట్టి పాలిమర్ (మాస్టారు చెప్పిన గొలుసు పదార్థం) కాదు. సాగడానికి, రంగుకి, అచ్చుకి, ఎండ తట్టుకోవడానికి ఏవేవో కలుపుతారు. 2015లో నైటోక్రా స్పినిపెస్ అనే కోపీపాడ్ మీద 21 ప్లాస్టిక్ వస్తువులు నానబెట్టిన నీళ్లు పరీక్షిస్తే ఎనిమిది విషపూరితమని తేలింది. 2020లో జర్మనీలో 43 బయోప్లాస్టిక్, మొక్కల ఆధారిత వస్తువుల నుంచి తీసిన సారాన్ని చూస్తే 67 శాతం కణాల స్థాయిలో విషప్రభావం చూపించాయి. మామూలు ప్లాస్టిక్‌లలాగే. డాఫ్నియా మీద చేసిన ఇంకో ప్రయోగంలో పీవీసీ హాని ప్రధానంగా దానిలోని రసాయనాల వల్ల, పీఎల్‌ఏ హాని మాత్రం ముక్కల వల్లే అని తేలింది. అంటే మొక్కజొన్న నుంచి వచ్చిందా పెట్రోలియం నుంచి వచ్చిందా అన్నది ప్లవకానికి సంబంధం లేని విషయం. ఏం కలిపారు, ఎంత సైజులో ఉంది, ఎంతకాలం ఉంటుంది. దానికి తగిలేవి ఇవే.

---

లెక్క_కావాలి
24 జూన్ 2025, రాత్రి 10:50

రెండు వైపులా చెప్పినందుకు ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. ప్లవకం దాన్ని తిండి కాదని గుర్తుపట్టి ఉమ్మేయదా?

---

ప్లవకం
24 జూన్ 2025, రాత్రి 11:10

కొత్త గుళికల్ని కొన్ని కోపీపాడ్‌లు పట్టుకుని వదిలేస్తాయి కూడా. కానీ సముద్రంలో కొన్ని వారాలున్న ముక్క మీద బ్యాక్టీరియా, ఆల్గే జిగురుగా పొర కడతాయి. అప్పుడు అది తిండిలా రుచిస్తుంది. ఆల్గే నుంచి డైమిథైల్ సల్ఫైడ్ అనే వాసన వస్తుంది. మనం బీచ్‌లో పీల్చే సముద్రపు వాసనలో అదీ ఒక భాగమే. నైలాన్ పోగులకి ఆ వాసన పట్టిస్తే కోపీపాడ్‌లు ఎక్కువగా తిన్నాయని 2019లో చూపించారు. పాపం, కోటానుకోట్ల సంవత్సరాలుగా తిండి వాసన అంటే తిండే. ఇప్పుడు అది మోసపు ఎర అయిపోయింది.

---

గెడ్డ_ఒడ్డు
25 జూన్ 2025, ఉదయం 6:30

పోయిన నెల 25న కొచ్చి దగ్గర ఓడ మునిగింది కదా, తర్వాత కేరళ ఒడ్డుకి సగ్గుబియ్యంలా తెల్ల ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొచ్చాయి. 2021లో కొలంబో దగ్గర ఓడ కాలిపోయినప్పుడైతే సుమారు 1,680 టన్నులు పడ్డాయన్నారు. అవీ ఇలాగే పొడి అవుతాయా?

---

కెమిస్ట్రీ_మాస్టారు
25 జూన్ 2025, ఉదయం 9:00

అవుతాయి నాయనా. ప్లాస్టిక్ వస్తువులు చేసే ముడిసరుకు అది. నేడు ఆ గుళిక కోపీపాడ్ కన్నా పెద్దది. ఎండ, ఉప్పు, ఇసుక రాపిడి కలిసి ఏళ్ల తరబడి నూరితే అది కూడా పొడే.

---

హేచరీ_బాబు
6 జూలై 2025, ఉదయం 5:40

ఇన్నాళ్లూ చెప్పలేదు. వాణి గారి పోస్టు చూడకముందే, మే నెల చివర్లో, ఇంటికి కూరలు తెచ్చిన ఒక కంపోస్టబుల్ కవర్‌ని మా వాడని టబ్బులో, పారే ఉప్పునీళ్లలో వేలాడదీశాను. ఊరికే, చూద్దామని. ఇవాళ్టికి 40 రోజులైంది. ఇది పరిశోధన కాదు, ఒక్క కవర్, ఒక్క టబ్బు. అయినా చూసింది చెప్తాను.

కవర్ ఉంది. రంగు వెలిసింది, పైన పాకుడు పట్టింది. చేత్తో ఎత్తితే తడిసిన అప్పడంలా చిరుగుతోంది. కింద అడుగున 100 మైక్రాన్ల జాలీ పెట్టాను. దాని మీద పల్చటి పొరలు, గోరు చివర కన్నా చిన్నవి, చాలా ఉన్నాయి. జాలీలోంచి దిగిపోయినవి ఎన్నో నాకు తెలియదు. కొన్ని పొరలు స్లైడు మీద పెట్టి చూస్తే వాటి అంచులు కొరికినట్టు గరుకుగా ఉన్నాయి. అంటే సూక్ష్మజీవులు తింటున్నట్టే అనుకుంటున్నాను. వాటికి ఇంకా సమయం కావాలి. ఆ సమయంలో పక్కన ఏ ఆర్టీమియా ఉన్నా ముందు అదే తింటుంది.

ప్లవకం అన్నా, ఆ పొరలు ఒక గాజు సీసాలో దాచాను. మీకు పనికొస్తాయా?

---

ప్లవకం
6 జూలై 2025, ఉదయం 8:10

తప్పకుండా. సీసా మూత ప్లాస్టిక్‌ది అయితే అల్యూమినియం ఫాయిల్ అడ్డం పెట్టి బిగించు. ఎఫ్‌టీఐఆర్ అనే పరారుణ కాంతి పరికరం కింద పెడితే ఏ పాలిమరో తెలుస్తుంది. పిండిపదార్థం ముందు పోయి పీబీఏటీ మిగిలిందా అన్నది చూడాలని నాకు ఆత్రంగా ఉంది.

---

కర్రీపాయింట్_వాణి
6 జూలై 2025, రాత్రి 11:00

బాబు గారి పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. తడిసిన అప్పడం అన్న మాట దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

పాత ప్లాస్టిక్ కవర్లకి తిరిగి వెళ్లను, అది మాత్రం ఖాయం. ఉన్న కంపోస్టబుల్ కవర్లు అయిపోయేదాకా అడిగినవాళ్లకే ఇస్తాను, ఇచ్చేటప్పుడు 'ఇది గెడ్డలో పడితే కరగదు, తడిచెత్తలో వేయండి' అని చెప్తాను. రేపటి నుంచి స్టీలు డబ్బా తెచ్చినవాళ్లకి కూర మీద 5 రూపాయలు తగ్గిస్తానని బోర్డు పెట్టాను. మా అమ్మ కాలంలో సందు చివరి హోటల్‌కి గిన్నె పట్టుకునే వెళ్లేవాళ్లం, సాంబారు గిన్నెలోనే పోసేవారు. వడలు, బజ్జీలకి అడ్డాకు తెప్పిస్తున్నాను.

మాస్టారూ, ఒక చిన్న అనుమానం. మా వార్డులో తడిచెత్త తీసుకెళ్లేచోట అంత వేడి కంపోస్టు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

---

కెమిస్ట్రీ_మాస్టారు
7 జూలై 2025, ఉదయం 7:20

బండి వచ్చినప్పుడు అడగమ్మా, ఎక్కడికి తీసుకెళ్తున్నారో. ఆ చోటికి ఒకసారి నేనూ వస్తాను. కుప్ప మధ్యలో పొడవాటి థర్మామీటర్ గుచ్చితే అరగంటలో తెలిసిపోతుంది. నా దగ్గర ఉంది.

---

గెడ్డ_ఒడ్డు
7 జూలై 2025, ఉదయం 9:45

ప్లవకం అన్నా, మీ సన్న కన్నం వల ఉంది కదా. ఆదివారం తెల్లవారుజామున మా బోటు వెనక కట్టి లాగుదాం. పొద్దెక్కకముందే లాగాలి, ఎండ పడితే అవి కిందికి దిగిపోతాయని మీరే ఎక్కడో రాశారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర 4 గంటలకి ఉండండి. ఈసారి వలలో పడ్డ కవర్లు, తాళ్ల ముక్కలు నీళ్లలోకి విసరం, ఒడ్డుకి తెస్తాం. బోటు ముందు భాగంలో ఒక గోనె సంచి కట్టి ఉంచాను. నిన్న ఒక్క రోజులోనే సగం నిండింది.

---

హేచరీ_బాబు
7 జూలై 2025, ఉదయం 10:05

నేనూ వస్తాను. మైక్రోస్కోప్ తెస్తాను, గాజు సీసాలు కూడా.